ఎత్తు చెప్పాల్సిన మనిషి

"ఆయన తినీసి లేచేరు. నువ్వు రా అమ్మాయ్," అంది శాంతాదేవి గది గుమ్మంలో నిలబడి.

సౌభాగ్య మంచం మీంచి లేచింది. ఆ ఇంట్లో ఇప్పుడు భోజనాలు వంతులవారీగా జరుగుతున్నాయి. ముందు మామగారు. ఆయన చెయ్యి కడుక్కుని మేడ మీదికి వెళ్ళిపోయాక కోడలు. మధ్యలో కూర మళ్ళీ వేడి చేస్తూ అత్తగారు. ఇలా చెయ్యమని ఎవరూ అనలేదు. డ్యూటీ నుంచి మామాకోడళ్ళిద్దరినీ తప్పించాక, ఇద్దరూ ఒకే రోజు బిలాస్‌పూర్ చేరి మోప్కాలోని ఈ ఇంట్లో బ్యాగులు దింపారు. ఆ సాయంత్రం నుంచి దానంతటదే అలవాటైపోయింది.

నెల క్రితం ఇదే ఇల్లు వాళ్ళిద్దరినీ చూసుకుని మురిసిపోయింది. రైల్వే కాలనీ తెలుగువాళ్ళలో విమానం నడిపే ఉద్యోగానికి వెళ్ళిన మొదటి మనిషి కెప్టెన్ సూర్యం. రెండో మనిషి ఆయన కోడలు. ఇద్దరికీ మొదటిసారి ఒకే విమానంలో డ్యూటీ పడిన రోజు, ఎడమ సీట్లో ఆయనా కుడి సీట్లో ఆమే కూర్చున్న ఫొటోని శాంతాదేవి తనకి తెలిసిన ప్రతివాళ్ళకీ పంపింది. శ్రీకాకుళంలో చిన్నాన్నల ఇళ్ళకి కూడా. ఫొటో అందరి ఫోన్లకీ చేరేసరికి, ఆ విమానం దిగాల్సిన ఊరి పక్క కొండలకి చాలా దగ్గరగా వెళ్ళి, తిరిగి పైకి లేచి, బతికి బయటపడింది.

శాంతాదేవి పప్పూ లాల్ భాజీ ఆకుకూరా వడ్డించింది. రోజూలా వంటింట్లోకి వెళ్ళిపోకుండా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకెవరూ సెప్పరు. ఆయన్నడిగితే నీకర్థం కాదంటారు. దిలీప్‌నడిగితే నాన్నని ఇసిగించకంటాడు. నువ్వైనా సెప్పు. ఏటైంది ఆవేళ?"

సౌభాగ్య అన్నం కలుపుతూ చెప్పింది. తనకే వినపడనంత మెల్లగా మొదలుపెట్టింది. దిగే ముందు విమానాన్ని చేత్తో నడపరు. ఆటోపైలట్ నడుపుతుంది. ఎంత ఎత్తుకి దిగి ఆగాలో ఎదురుగా ఉన్న చిన్న గడిలో అంకె తిప్పి పెడితే చాలు, అది అక్కడికి దిగి ఆగుతుంది. ఆ వేళ మబ్బు. కింద ఏమీ కనపడటం లేదు. కంట్రోలర్ రేడియోలో నాలుగు వేల అడుగులకి దిగమన్నాడు. సౌభాగ్య నాలుగు వేలు అని తిరిగి చెప్పింది. ఆ మాట కంట్రోలర్ దగ్గరి టేపు మీద ఉంది కూడా. మామగారు అంకె తిప్పారు. గడిలో మూడు వేలు పడింది.

"యంత్రానికి తెల్దా, కొండలున్నాయని?"

"తెలీదత్తయ్యా. పెట్టిన అంకె తప్పని దానికి తెలీదు. మూడు అంటే మూడుకే వెళ్తుంది. చివర్లో అరిచింది. కొండ దగ్గరికొచ్చేసిందని వేరే హెచ్చరిక ఉంటుంది, అది అరిచింది. అప్పుడు మావయ్యగారు చేత్తో లాగి పైకి లేపేసారు. చాలా బాగా లేపారు. నేనైతే అలా లేపగలిగేదాన్ని కాదేమో."

శాంతాదేవి కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకుంది. ఆమె అడిగే ప్రశ్నలు చిన్నవి. అందుకే సౌభాగ్యకి భయం వేసింది.

"ఆయన నడుపుతున్నారు. మరి నీ పనేటి ఆ టైంలో?"

"చూడటం."

"ఏటి సూడ్డం?"

"ఆయన పెట్టిన అంకె సరైందో కాదో, విమానం ఎక్కడ ఆగుతోందో. తప్పుగా కనపడితే చెప్పడం. ఆ సీట్లో కూర్చున్నవాళ్ళకి అదే ఉద్యోగం."

"సెప్పేవా?"

"చెప్పాను."

"ఎలగ సెప్పేవు?"

సౌభాగ్య నోట్లో పెట్టుకోబోయిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. ఆ మాటకి జవాబు ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, భర్తకి కూడా. చెప్పానంటే చెప్పానని ఊరుకుంది. కళ్ళు దించుకుని ఇంత మాత్రం అంది.

"ఆయన చెయ్యెత్తారత్తయ్యా."

అత్తగారు ఏ చెయ్యి అని అడగలేదు. ఎలా ఎత్తారనీ అడగలేదు. కాసేపు బల్ల మీద పడ్డ మెతుకులు వేలితో ఒక పక్కకి తోసింది. తర్వాత లేచి, పెరుగు గిన్నె కోడలి దగ్గరికి జరిపి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం కాబట్టి దిలీప్ ఇంట్లోనే ఉన్నాడు. బొగ్గు కంపెనీలో ఇంజనీరు. వారమంతా గనుల దగ్గర ధూళి మింగి, ఆదివారం ఒక్కరోజు నిద్రపోయే మనిషి. ఈ ఆదివారం నిద్రపోలేదు. సౌభాగ్య గదిలోకి రాగానే తలుపు దగ్గరగా వేశాడు.

బుధవారం విచారణ. ఢిల్లీలో ఇద్దరినీ విడివిడిగా పిలిచి మాట్లాడతారు. కాక్‌పిట్‌లో మాటలు రికార్డు చేసే పెట్టె కొన్ని గంటల మాటలే ఉంచుకుంటుందని, ఆ విమానాన్ని ఎవరూ ఆపకుండా మళ్ళీ పంపేయడంతో పాత మాటల మీద కొత్తవి పడిపోయాయని అందరికీ తెలిసిపోయింది. ఎవరేం తిప్పారో, ఎంత ఎత్తులో ఉన్నారో యంత్రం చెప్తుంది. లోపల ఎవరు ఏమన్నారో చెప్పడానికి మిగిలింది ఇద్దరు మనుషులే. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో వేర్వేరు గంటల్లో అన్నం తింటున్నారు.

దిలీప్ ముందు నెమ్మదిగానే చెప్పాడు. నాన్నకి రిటైర్మెంట్ ఇంకా ఏడాదే. ఇప్పుడు లైసెన్సు పోతే ఇన్నేళ్ళ పేరు ఈ ఒక్క సంగతితో ముగుస్తుంది. ఆమెకి అలా కాదు. గమనించలేదని ఒప్పుకుంటే మళ్ళీ ట్రైనింగ్ ఇస్తారు, కొన్నాళ్ళు పక్కన కూర్చోబెడతారు, తర్వాత అంతా మామూలే.

"బస్, ఇంతే కదా. చూడలేదని చెప్పు. వాళ్ళు నమ్ముతారు. నీది చిన్న వయసు."

"చూశాను దిలీప్."

"తెలుసు. నేను చెప్పమంటున్నది వేరే."

"చూడలేదని రాయించుకున్నాక, రేపటినించి నా పక్కన కూర్చునేవాడు నా కళ్ళని ఎలా నమ్ముతాడు? చూడటమే నా పని."

అతనికి కోపం వచ్చింది. కోపం వస్తే హిందీలోకి వెళ్ళిపోతాడు. ఈ ఇంట్లో ఎవరి గురించీ ఆలోచించడం లేదని, తన గురించే ఆలోచిస్తోందని హిందీలో చాలాసేపు చెప్పాడు. అందులో ఒక మాట మాత్రం తెలుగులో అన్నాడు. నాన్న లేకపోతే ఆ యూనిఫాం నీకెక్కడిది అన్నాడు. అన్నాక ఆగిపోయాడు. కానీ తిరిగి తీసుకోలేదు.

సౌభాగ్య స్కూటీ తాళాలు తీసుకుంది. అమ్మ దగ్గరికి వెళ్ళొస్తానంది. అతను వెళ్ళొద్దనలేదు, వస్తాననీ అనలేదు.

మోప్కా నుంచి రైల్వే కాలనీకి వెళ్ళే దారంతా ఎండ. గోల్ బజార్‌లో ఎప్పుడూ ఉండే రద్దీ. ఒకచోట బండి ఆగిపోతే, పక్కన చీరల కొట్టు ముందు నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళు ఆమె వైపు చూసి ఏదో అనుకున్నారు. ఆమె గురించే కాకపోవచ్చు. కానీ ఈ మధ్య ఎవరు తన వైపు చూసినా ఆమెకి అలాగే అనిపిస్తోంది. పేపర్లో వచ్చింది నాలుగు లైన్ల వార్త. పేర్లు కూడా లేవు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పేర్లతో సహా తిరిగింది. ఆడపిల్ల పక్కన ఉండగానే ఇలా అయిందట అని ఒకాయన పెట్టాడు. ఆ మాట కింద దండం పెట్టే బొమ్మలు పెట్టినవాళ్ళలో ఆమెకి అక్షరాలు నేర్పిన టీచరమ్మ కూడా ఉంది.

క్వార్టర్ ముందు తండ్రి చెప్పులు ఉన్నాయి. త్రినాథరావు గూడ్స్ బండి నడిపే లోకో పైలట్. అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. బిల్హా దగ్గర బండిని పక్క లైన్లో పెట్టి గంటలకొద్దీ కదలనివ్వలేదట. స్నానం చేసి, బనియన్‌తో కూర్చుని, గంజిలోకి ఉల్లిపాయ నంజుకుంటున్నాడు. కూతుర్ని చూడగానే మొహం వెలిగింది. వెంటనే, ఎందుకొచ్చిందో గుర్తొచ్చినట్టు ఆరిపోయింది.

తల్లి కనకం కాఫీ ఇచ్చింది. అల్లుడు ఏమంటున్నాడని అడిగింది. అత్తగారు ఎలా చూస్తోందని అడిగింది. విమానం ఎలా లేచిందని అడగలేదు. భయపడ్డావా అని కూడా అడగలేదు. కూతురు చచ్చి బతికిందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆ రోజు విమానంలో నూట డెబ్బై మంది పైగా ఉన్నారు. దిగాక ఒక పిల్లాడు కాక్‌పిట్‌లోకి తొంగిచూసి ఆమెకి చేత్తో టాటా చెప్పాడు. వాడికి ఏమీ తెలీదు. ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఆమె ఆ రోజు నుంచీ ఎదురుచూస్తోంది.

"అమ్మా, బుధవారం దాకా ఇక్కడుండనా?" అంది.

కనకం భర్త వైపు చూసింది. పండగా కాదు, పబ్బమూ కాదు, ఇప్పుడొచ్చి ఉంటే కాలనీలో ఏమనుకుంటారని మెల్లగా అంది. వియ్యాలవారికి ఎదురుతిరిగి వచ్చేసిందనుకోరా. రేపు అన్నీ చల్లబడ్డాక మళ్ళీ ఆ ఇంట్లోనే ఉండాలి కదా.

త్రినాథరావు గంజి తాగి గ్లాసు కింద పెట్టాడు.

"బుధవారం ఏటి సెప్తావమ్మా?"

"జరిగింది చెప్తాను నాన్నా."

"సెప్పు. నిజం సెప్పొద్దనను. కానీ సూర్యం బావగారిని ముంచకు. నిన్ను ఆ చదువులో ఏయించమని ఆయన నా ఇంటికొచ్చి ఇదే కుర్చీలో కూకుని సెప్పేరు. అప్పటికి ఆయన కొడుక్కీ నీకూ సంబంధం మాటే లేదు. ఊరికే, పిల్ల తెలివైందని సెప్పేరు. నాకది ఎలగ మర్చిపోమంటావు?"

"నిజం చెప్తే ఆయన మునుగుతారు నాన్నా. ఆయన్ని ముంచకుండా చెప్పాలంటే నిజం సగమే చెప్పాలి. నువ్వే చెప్పు, ఏ సగం?"

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కూతుర్ని ఓడిద్దామని అన్న మాట కాదు అతనిది. తనకి ఉన్న ఒక్క కృతజ్ఞతని ఎక్కడ పెట్టుకోవాలో తెలీని మనిషి. స్కూటీ దాకా వచ్చి సాగనంపాడు. జాగ్రత్తగా వెళ్ళమని, తోర్వా దగ్గర రోడ్డు తవ్వారని చెప్పాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె తోర్వా దగ్గర తవ్విన రోడ్డు పక్కన బండి ఆపింది. ఏడవలేదు. ఈ ఊళ్ళో తనకి రెండు ఇళ్ళున్నాయి. రెండిట్లోనూ తన కోసం అన్నం ఉంది. ఆ కాక్‌పిట్‌లో తను చూసింది చూసిన మనిషి మాత్రం ప్రపంచం మొత్తం మీద ఒక్కరే ఉన్నారు. ఆయన తనతో మాట్లాడటం లేదు.

ఆమె మేడ మీదికి వెళ్ళేసరికి సందె పడుతోంది. ఎవరూ పిలవలేదు. ఆమే వెళ్ళింది.

సూర్యం కుండీల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కా. ఇంట్లో ఉన్నా ఆయన అలాగే ఉంటాడు. దూరంగా స్టేషన్ వైపు నుంచి బళ్ళ కూతలు వినిపిస్తున్నాయి. కోడల్ని చూసి ఆయన ఆశ్చర్యపోలేదు.

"కూర్చో," అన్నాడు.

"పర్వాలేదు మావయ్యగారూ."

"నేను అబద్ధం చెప్పను, సౌభాగ్యా. మూడు తిప్పింది నేనే. ఎందుకు తిప్పానో నాకిప్పటికీ తెలీదు. నాలుగనే విన్నాననుకున్నాను, నాలుగే పెట్టాననుకున్నాను. ఆ మాట ఒప్పుకుంటాను. నువ్వు నన్ను హెచ్చరించలేదు. అదీ చెప్తాను. రెండూ నిజాలే."

"హెచ్చరించాను."

"నేను వినలేదు. ఎదుటివాడికి వినపడకపోతే హెచ్చరిక కాదు. అది నీకు ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్తారు."

ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెకి కష్టంగా ఉంది. కోప్పడితే ఎదురుచెప్పొచ్చు. ఆయన నిజంగానే వినలేదని, నిజంగానే గుర్తులేదని ఆమెకి ఆ క్షణాన పూర్తిగా అర్థమైంది.

"మీరు చెయ్యెత్తారు," అంది.

"చెయ్యా?"

"ఆగు అన్నట్టు. నేను మాట మొదలుపెట్టగానే."

"నేను ఎత్తలేదు."

"ఎత్తే ఉంటారు," అంది శాంతాదేవి.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆరిన బట్టలు రెండు చేతులా పట్టుకుని, మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"నువ్వు ఆ కాక్‌పిట్‌లో ఉన్నావా?" అన్నాడు సూర్యం.

"లేను. పెళ్ళైన కాడ్నుంచి ఇక్కడున్నాను కదా."

ఆయన ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. గొంతు పెంచలేదు కూడా. బట్టలు మడతపెడుతూ మాట్లాడే మామూలు గొంతుతోనే చెప్పింది.

"మా నాన్నకి బాగోలేదని అన్నయ్య ఫోన్ సేసేడు. మీరు టీవీలో వార్తలు సూస్తన్నారు. సెప్పబోయేను. చెయ్యెత్తేరు. మీకు గుర్తుండదు. మీరు నా మీద కోపంతో ఎత్తలేదు, అలగ ఎత్తడం మీకలవాటు. నేనాగిపోయేను. వార్తలు అయిపోయేక సెప్పేను. అప్పటికి సాయంత్రం బండి ఎల్లిపోయింది. మర్నాడు బండికి ఎల్లేం. నేనెల్లేసరికి ఇంటి ముందు పాడె కట్టీసేరు."

జారిపోతున్న చొక్కాని మళ్ళీ చేతి మీదికి లాక్కుంది.

"ఆ రోజు నేనెందుకు ఆగిపోయేనని నన్ను నేను శానాసార్లు అడుక్కున్నాను. మిమ్మల్ని ఎప్పుడూ అడగలేదు. అమ్మాయి కూడా ఆగిపోయిందంటే నాకు కొత్తేటీ కాదు."

సూర్యం లేచాడు. కుర్చీ వెనక్కి జరిగి కుండీకి తగిలింది. భార్యని చూడలేదు, కోడల్ని చూడలేదు. బట్టలు పట్టుకున్న శాంతాదేవి పక్కనించి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మెట్ల కింద దిలీప్ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడని అతని మొహమే చెప్తోంది. తండ్రికి దారిచ్చి పక్కకి తప్పుకున్నాడు.

సౌభాగ్య అత్తగారి చేతుల్లోంచి సగం బట్టలు అందుకుంది. ఆవిడ మాట్లాడినందుకు తనకి ఉపశమనం కలగాలి. కలగలేదు. మామగారు చెయ్యెత్తారన్న మాట ఇప్పుడు ఇద్దరు చెప్పినట్టయింది. కానీ చెయ్యెత్తిన తర్వాత సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత కొండ హెచ్చరిక అరిచేదాకా సమయం ఉంది. చాలానే ఉంది. ఐదు వేలు దాటింది. నాలుగు దాటింది. అంకెలు దిగుతూనే ఉన్నాయి. ఆయన పెట్టినదాన్ని యంత్రం మారు మాట్లాడకుండా పాటించింది. పక్క సీట్లో ఆమె కూడా అదే చేసింది.

అది అత్తయ్యకి చెప్పాలనుకుంది. ఆవిడ అప్పటికే చొక్కాల చేతులు లోపలికి మడుస్తూ, తనలోకి తాను వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి సూర్యం ఇంట్లో లేడు.

పక్క సర్ది ఉంది. చిన్న బ్యాగు లేదు. వీధి చివర పాలవాడు చూశాడట, ఆటో ఎక్కి స్టేషన్ వైపు వెళ్ళారని చెప్పాడు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. విచారణ బుధవారం. ఇవాళ సోమవారం.

దిలీప్ ఇల్లంతా తిరిగాడు. ఆఫీసుకి సెలవు పెట్టాడు. రాయ్‌పూర్‌లో తెలిసినవాళ్ళకి ఫోన్లు చేశాడు. ఎవరికీ ఏమీ తెలీదు. చివరికి వంటింట్లోకి వచ్చి తల్లి ఎదురుగా నిలబడ్డాడు. నిన్న ఆ మాటలు ఇప్పుడే అనాలా అన్నాడు. ఇన్నేళ్ళు అనని మనిషివి, ఆయన ఇలా ఉన్నప్పుడే అనాలా. ఆయనకి ఏమైనా అయితే ఏం చేస్తావు అన్నాడు. శాంతాదేవి బీరకాయ చెక్కు తీస్తోంది. చెక్కుతో పాటు కాయ కూడా పోతోందని ఆమె గమనించడం లేదు.

"అత్తయ్యని అనకు," అంది సౌభాగ్య.

"అచ్ఛా, ఎవర్ననాలి? నిన్నా?"

"నన్నను."

అతను నోరు తెరిచేలోపే ఆమె ఫోన్ మోగింది. మామగారి పేరు. ముగ్గురూ ఆ తెర వైపే చూశారు. దిలీప్ చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. స్పీకరు పెట్టమని సైగ చేశాడు. పెట్టలేదు. చెవికి ఆనించుకుంది.

వెనకాల జనం చప్పుడు, ఏదో ప్రకటన. ఆయన గొంతు మామూలుగానే ఉంది.

"రాయ్‌పూర్ ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నాను. మధ్యాహ్నం ఢిల్లీలో వాళ్ళని కలుస్తున్నాను. ముందే వస్తానంటే సరేనన్నారు."

"అలాగే మావయ్యగారూ."

"నిన్న అడగాల్సింది. అడగలేదు. నువ్వు నాతో ఏమన్నావు ఆ రోజు? ఉన్న మాట ఉన్నట్టు కావాలి."

దిలీప్ పెదవులతోనే ఏమంటున్నారని అడుగుతున్నాడు. శాంతాదేవి చేతిలో కత్తి ఆగిపోయింది.

సౌభాగ్య గోడకి ఆనుకుంది. మాటల రికార్డు లేదు. తను ఏం చెప్తే అదే అవుతుంది. 'ఎత్తు సరిచూసుకోండి, నాలుగు వేలకే అనుమతి' అని స్పష్టంగా అన్నానని ఇప్పుడు చెప్పొచ్చు. అలా అనాలనే పుస్తకంలో ఉంది. అది కాదని ఎవరూ నిరూపించలేరు. ఆయన కూడా. నిజంగా తను అన్న మాట చెప్తే ఆయన దాన్నే పట్టుకుని ఢిల్లీలో ఆమెకంటే ముందే బల్ల మీద పెట్టొచ్చు. ఇది హెచ్చరికా అని వాళ్ళు అడిగితే కాదనే అనాలి.

ఆయన ఎందుకు అడుగుతున్నారో అడగాలనిపించింది. అడగలేదు.

"'సర్, త్రీ?' అన్నాను," అంది. "అంతే. ప్రశ్నలాగ అన్నాను."

"గట్టిగా అన్నావా?"

"లేదు మావయ్యగారూ. మెల్లగా అన్నాను. తర్వాత మీరు చెయ్యెత్తారు. తర్వాత నేనేమీ అనలేదు. నాలుగు దాటడం చూశాను. చూస్తూనే ఉన్నాను. హెచ్చరిక వచ్చేదాకా."

ఈ మాటలు ఆమె మొదటిసారి పైకి అంటోంది. దిలీప్ మొహం పాలిపోవడం ఆమెకి కనపడింది. భార్య చెప్పానంటే చెప్పిందనే ఇన్నాళ్ళూ నమ్మాడతను. దాన్ని దాచమని బతిమాలాడు, పోట్లాడాడు. దాచడానికి అక్కడ ఉన్నది ఇంతేనని ఇప్పుడే తెలిసింది.

"ఇంకేమైనా ఉందా?" అన్నాడు సూర్యం.

"ఇంకేమీ లేదు."

ప్రకటన మళ్ళీ వినిపించింది. ఎవరో ఆయన్ని టికెట్ చూపించమని హిందీలో అడిగారు. ఆయన ఫోన్ దూరం పెట్టి ఏదో చెప్పాడు. తిరిగి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"సరే," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

సౌభాగ్య ఫోన్ చెవి దగ్గర్నించి తీసింది. దిలీప్ ఆమె దగ్గరికి రాలేదు, దూరంగానూ వెళ్ళలేదు. ఆయన ఢిల్లీలో ఏం చెప్తారని అడిగాడు. తెలీదంది. నువ్వేం చెప్తావని అడిగాడు. ఇప్పుడు చెప్పిందే అంది. అతను వంటింటి గడప మీద కూర్చుండిపోయాడు.

శాంతాదేవి లేచి వచ్చి కోడలి మొహంలోకి చూసింది.

"ఆఖర్న ఏటన్నారు?"

"సరే అన్నారత్తయ్యా."

"ఏ గొంతుతో అన్నారు?"

సౌభాగ్య గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఆ ఒక్క మాటని లోపల మళ్ళీ మళ్ళీ వింది. ఆయన సరే అంటే అందులో ఏముందో ఈ లోకంలో చెప్పగలిగిన మనిషి ఎదురుగా నిలబడి అడుగుతోంది. కానీ ఆ మాట విన్నది తను.

"తెలీలేదత్తయ్యా," అంది.